తీపి బావి, ఎర్ర బిళ్ల

సాయంత్రం నాలుగింటికి ఫైలు మూసేస్తున్నానని ఇన్‌స్పెక్టరు పొద్దున్నే ఫోను చేసి మరీ చెప్పాడు. చెప్పకుండానే మూసుకోవచ్చు. కానీ అతను ఒకప్పుడు నా కింద పనిచేసినవాడు. ఇప్పుడు నేనేమో ఉద్యోగం వదిలేసి, ప్రైవేటు డిటెక్టివునని బోర్డు తగిలించుకుని కూర్చున్నదాన్ని. ఆ తేడా నాకు రోజుకోసారి గుర్తుచేయకపోతే అతనికి తిన్నది అరగదు.

"ఆత్మహత్యే మేడమ్. ముసలాయన ఒంటరివాడు. సిలిండర్లో విషపు గ్యాసుందని ఎర్ర బిళ్ల కట్టి ఉంది. తెలిసి తెలిసీ మాస్కు లేకుండా, తలుపేసుకుని, ఫ్యాను ఆపేసుకుని తెరిచాడు. ఇంకేం కావాలి మీకు?"

"నాలుగింటి దాకా టైము కావాలి," అన్నాను.

ఒంటిగంటా ఇరవైకి చమురు కంపెనీ లేబరేటరీ ముందు కారు ఆపాను. పక్క సీట్లో చనిపోయినాయన కూతురు ఉంది. ముప్ఫై దాటిన పళ్ళ డాక్టరు. రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించే మనిషి దారి పొడుగునా తన నోరు విప్పలేదు.

"నేను లోపలికి రానండి," అంది చివరికి. "నాకు ఒక్కటే తెలియాలి. ఆదివారం సాయంత్రం నాలుగూ పన్నెండుకి నాన్న నాకు ఫోను చేశాడు. నేనెత్తలేదు. అయిదులోపే పోయాడని డాక్టరు రాశాడు. నేనెత్తనందుకే పోయాడా, కాదా? అది చెప్పండి చాలు. ఎవర్నీ పట్టుకోకపోయినా ఫర్వాలేదు."

"ఎందుకెత్తలేదమ్మా?"

"అమ్మ ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉంటే ఆయన ఎక్కడో బావి దగ్గర కూర్చున్నాడు. నేల లోపలి నుంచి రాతి ముక్క పైకొస్తోందట, అది గాలి తగలకుండా పట్టుకోవాలట. అమ్మ పోయిన మర్నాడు వచ్చాడు. అప్పట్నుంచి నేను మాట్లాడలేదు. ఆరేళ్ళు."

ఇలాంటి ప్రశ్నకు జవాబు తేవడం కన్నా హంతకుణ్ణి పట్టి తేవడం సులువు. హంతకుడికి చేతులుంటాయి, అవి ఎక్కడో అక్కడ తగులుతాయి. కానీ పని ఒప్పుకున్నాను. కారు అద్దం కాస్త దించిపెట్టి లోపలికి నడిచాను.

సూక్ష్మజీవుల విభాగమని పెద్ద పేరే గానీ, ఉన్నది ఒక పొడుగాటి గది, దాని చివర ఒక చిన్న గది, ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పుడు లేరు. మిగిలినావిడ సీసాలు కడిగే మనిషి. అందరూ సీసాలమ్మ అంటారు. సోమవారం ఎనిమిదింటికి వచ్చి, చిన్నగదిలోంచి కుళ్ళిన గుడ్ల కంపు వస్తుంటే తలుపు తెరవకుండా గంట కొట్టింది ఈవిడే. తెరిచి ఉంటే ఇవాళ రెండు ఫైళ్ళు ఉండేవి.

"ఈ పురుగుల మీదేనా ఆయన పని?" అన్నాను.

"పురుగులనకండమ్మా, సార్‌కి కోపమొచ్చేది. మావాళ్ళు అనేవారు."

ఆయన వాళ్ళ సంగతి ఆవిడ చెప్పింది, నాకు అర్థమైనంత రాస్తున్నాను. నేలకింద రెండున్నర కిలోమీటర్ల లోతున చమురు పట్టిన రాయి ఉంటుంది. వెలుతురు లేదు, గాలి లేదు, ఎనభై డిగ్రీల వేడి. అక్కడ రాతి సందుల్లో కాస్త తడిని పట్టుకుని, చమురునే తింటూ కంటికి కనపడని జీవులు బతుకుతాయి. తిండి ఎంత తక్కువంటే, ఒకటి రెండు కావడానికే ఏళ్ళు పడుతుందట. పక్కదానికీ దీనికీ మధ్య ఎంత దూరమో ఎవరికీ తెలియదు. కంపెనీవాళ్ళు చమురును పైకి తోయడానికి సముద్రపు నీళ్ళు లోపలికి కొడతారు. ఆ నీళ్ళలోని గంధకపు ఉప్పు వీటికి విందు. అది తిని ఇవి వదిలేదే ఆ కుళ్ళిన గుడ్ల గ్యాసు. కొంచెముంటే కంపు కొడుతుంది. ఎక్కువుంటే ముందు ముక్కునే చంపుతుంది కాబట్టి వాసనే తెలియదు, రెండు పీల్పుల్లో మనిషి పడిపోతాడు. ఆ గ్యాసు పట్టిన బావిని పులిసిన బావి అంటారు, పట్టనిదాన్ని తీపి బావి. బావి దగ్గర సేఫ్టీవాళ్ళు గ్యాసు మీటరు పెట్టి చూసి, సిలిండరుకి రాగితీగతో బిళ్ల కడతారు. ఆకుపచ్చయితే తీపి, బల్ల మీద తెరవచ్చు. ఎర్రదయితే పులుపు, మాస్కు లేకుండా ముట్టకూడదు.

అలాంటి జీవుల కోసం ఒక మనిషి ముప్ఫై ఏళ్ళు ఈ గదిలో కూర్చున్నాడు. నేను ఇంట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండాలని రేడియో ఆపకుండా బయటికొచ్చే మనిషిని. కాబట్టి ఆయన్ని పిచ్చివాడనడానికి నాకు నోరు రాలేదు.

"ఆయన వాటిని పెంచిన సీసాలు చూపించమ్మా."

ఆవిడ సీసాలుండాల్సిన వెచ్చటి ఓవెను వైపు చూసి, తల అడ్డంగా ఊపి, ఫ్రిజ్జు తెరిచింది. కింద అరలో ఎనిమిది గాజు సీసాలు, రబ్బరు మూతలు, లోపల నల్లటి మడ్డి. "ఏడో నంబరు బావివి. రెండు నెలలు ఓవెన్లో పెంచారు సార్. మొన్న శనివారమే నల్లబడ్డాయి. నల్లబడ్డాయంటే వీళ్ళు గ్యాసు చేయడం మొదలుపెట్టారని. సోమవారం పొద్దున నేను చూసేసరికి ఇక్కడున్నాయి. పోలీసాయనకి చెప్పాను, ఊఁ అన్నాడు."

"ఆయనే పెట్టారేమో?"

"సార్ పెట్టరమ్మా. ఆయన ఓవెన్లోంచి సీసా తీస్తే దానికి మేజోడు తొడగాల్సిందే." సొరుగు లాగి చూపించింది. అన్నీ పాత ఉన్ని మేజోళ్ళే, మడమల దగ్గర కుట్లు వేసినవి. "ఓవెను నుంచి బల్లకి నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ వాళ్ళకి చలేస్తుందనేవారు. ఇవి చూడండి, దిసమొలతో పడున్నాయి."

"చలికి చచ్చిపోయాయా మరి?"

ఆవిడ మొదటిసారి నవ్వింది. "చలికి చావరమ్మా, నిద్రపోతారు. చంపాలంటే సూదితో మూతకి చిల్లు పెట్టి గాలి తగిలిస్తే చాలు. అది సార్‌కి తెలుసు, నాకూ తెలుసు. వేడిలో బతికేవి చలికి చస్తాయనుకున్నవాడెవడో పెట్టాడు."

అంటే ఆ సీసాలు ఉండకూడదనుకున్నవాడు ఈ విభాగం మనిషి కాడు. ఓవెనుకి చిన్న తెర ఉంది, తలుపు ఎప్పుడు ఎంతసేపు తెరిచారో అందులో నమోదవుతుంది. ఆదివారం మూడూ యాభై ఎనిమిదికి పదకొండు సెకండ్లు. అది ఆయన. ఆ తరవాత సోమవారం ఎనిమిదీ ముప్ఫై ఒకటికి మూడు నిమిషాల నలభై సెకండ్లు. అప్పటికి ఆయన పోయి పదిహేను గంటలు దాటింది.

చిన్నగదిలోకి వెళ్ళాను. పోలీసులు ఏమీ కదపలేదు, అందుకు ఇన్‌స్పెక్టరుకి మార్కులు వేశాను, నా దగ్గర నేర్చుకున్నవాడే. బల్ల, ఫోను, గోడకి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను. దాని స్విచ్చి బయట నడవలో ఉంది. బల్ల మీద తెరిచిన సిలిండరు, పై అరలో మరో ఆరు. ఫోను తీగ బారెడుంది. ఆయన చేతులకు ఎప్పుడూ గ్లవుజులే కాబట్టి స్పీకర్లో పెట్టి మాట్లాడేవాడట.

భూతద్దం అక్కర్లేదు, కళ్ళజోడు చాలు. ఆ గ్యాసు రాగినీ ఇత్తడినీ నల్లగా మారుస్తుంది. తలుపు లోపలి పిడి నల్లబడింది. కుళాయి నల్లబడింది. పై అరలోని ఆరు సిలిండర్ల బిళ్లలు కట్టిన తీగలూ నల్లబడ్డాయి. బల్ల మీది సిలిండరంటే గ్యాసు పుట్టిన చోటే. దాని ఎర్ర బిళ్ల కట్టిన తీగ మాత్రం కొత్త రాగిలా నిగనిగలాడుతోంది.

ఆ తీగ గ్యాసు పోయాక కట్టింది. సోమవారం ఎనిమిదీ ఇరవైకి మాస్కు పెట్టుకుని లోపలికెళ్ళి కిటికీలు తీసినవాడు ఒక్కడే, సేఫ్టీ ఆఫీసరు. పోలీసులు తొమ్మిదీ అయిదుకి వచ్చేదాకా ప్రమాదమని చెప్పి ఇంకెవర్నీ రానివ్వలేదు.

సేఫ్టీ ఆఫీసరు నడవలో గోడకున్న పెద్ద బోర్డు కింద దొరికాడు. ప్రమాదం లేని రోజులు అని రాసుంది బోర్డు మీద, కింద అంకె. ఇస్త్రీ మడత నలగని మనిషి. చేతిలో తడిగుడ్డ పెట్టుకుని, ఆ అంకె మీది దుమ్ము తనే తుడుస్తున్నాడు.

"పదకొండు వందల పదిహేడు," చదివాను. "ఆదివారం మనిషి పోతే ఇది సున్నా నుంచి మొదలవ్వద్దా?"

"ఆత్మహత్య ప్రమాదం కిందికి రాదండి," అన్నాడు తుడుస్తూనే.

"బావి పులిస్తే?"

"బావి మూసి పైపులన్నీ మార్చాలి. మీటరు చూసినవాణ్ణి ఎందుకు ముందే చెప్పలేదని అడుగుతారు. కానీ మాకు పులిసిన బావి లేదండి."

"లేదా? ఏడో నంబరు సిలిండరుకి ఎర్ర బిళ్ల ఎవరు కట్టారు మరి?"

గుడ్డ ఆగింది. "అది... ఆ ఒక్క సిలిండరే. నమూనా తేడా. బావి తీపిదే."

"సోమవారం లోపల ఏం చేశారు?"

"కిటికీలు తీశాను. నాడి చూశాను. అంతే."

"ఫ్రిజ్జు తెరిచారా?"

"సీసాలు నేను పెట్టలేదండి."

"నేను సీసాలని అనలేదే."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్ళను ఉద్యోగంలో చాలామందిని చూశాను. ఇతను తడుముకున్నాక చెయ్యి దించడం కూడా తెలిసినవాడు. "సీసాలమ్మ లోకమంతా చాటుతోంది కదండీ, వినపడదా?" అన్నాడు. "ఆదివారం నేను ఈ ఛాయలకే రాలేదు. గేటు పుస్తకం చూసుకోండి. ఆయన్ని చూసే రెండు వారాలైంది. పాపం, ఎవరూ లేని మనిషి."

ఆ పాపం అన్న మాట నాకు నచ్చలేదు. నచ్చకపోవడం సాక్ష్యం కాదు, అదే నా బాధ.

మూడూ పదికి ఇన్‌స్పెక్టరు ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు. తీగ చూపించాను, ఓవెను లెక్క చూపించాను. చేతులు వెనక్కి కట్టుకుని బడి తనిఖీకి వచ్చినవాడిలా చూశాడు.

"బాగుంది మేడమ్. మంట వస్తుందేమోనని ఓవెను తెరిచానంటాడు. బిళ్ల ఊడిపోతే మళ్ళీ కట్టానంటాడు. తప్పే, ఉద్యోగం పోతుంది. అంతమాత్రాన ముసలాయన సిలిండరు తీపిదనుకునే తెరిచాడని ఎలా రుజువవుతుంది? ఆయన మనసులో ఏముందో మీ తీగ చెప్తుందా?"

"ఎర్రది ముందే కట్టుంటే గ్యాసుకి నల్లబడేది. అంతకుముందు ఇంకో బిళ్ల ఉందని చెప్తుంది."

"ఉందో, అసలేమీ లేదో. పైగా ఆదివారం గేటులో ఆయన పేరు ఒక్కటే ఉంది."

"వెనక గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"సేఫ్టీవాళ్ళ దగ్గర," అని ఒప్పుకున్నాడు, ఇష్టం లేకుండా. తరవాత గొంతు తగ్గించాడు. "మేడమ్, ఒక మాట చెప్పనా? మీకు ఒంటరివాళ్ళంటే జాలి. నేను మీ కింద పనిచేసినప్పట్నుంచీ అంతే. ఒంటరివాడు చచ్చిపోతే ఎవడో చంపాడనుకోవడం మీకు ఓదార్పు. కొంతమంది ఊరికే అలిసిపోతారు. ఇదిగో, ఆఖరి ఫోను కూడా ఎవరూ ఎత్తలేదు. చూసుకోండి."

దెబ్బ సరిగ్గా తగిలింది. తగిలినట్టు కనపడకూడదని, అతనిచ్చిన కాగితం మీదికి వంగాను. లేబరేటరీ ఫోను నుంచి వెళ్ళిన కాల్సు. ఆదివారం, నాలుగూ పన్నెండు, కూతురి నంబరు. పక్క గడిలో ఎంతసేపని ఉంది. మూడు నిమిషాలు.

రెండుసార్లు చదివాను. పై వరసలూ చదివాను. దాని ముందు ఆదివారం నాలుగు గంటలకు రెండు నిమిషాలు. అంతకుముందు ఆదివారం మూడు నిమిషాలు.

"ఎవరూ ఎత్తని ఫోను మూడు నిమిషాలు ఎలా నడుస్తుందయ్యా?" అన్నాను.

అతను కాగితం లాక్కున్నాడు. ఇద్దరం కారు దగ్గరికి నడిచాం.

కూతురు ఇందాకటిలాగే కూర్చుని ఉంది. తలుపు తీసి పక్కన కూర్చున్నాను. ఇన్‌స్పెక్టరు వెనక సీట్లో సర్దుకున్నాడు.

"వాయిస్ మెయిలుందా నీ ఫోన్లో?"

తల ఊపింది. "ప్రతి ఆదివారం పెడతాడు. వినకుండా చెరిపేసేదాన్ని. ఆరేళ్ళూ. ఇదొక్కటి..." సంచిలోంచి ఫోను తీసింది. "సోమవారం పొద్దున చెరుపుదామనుకుంటుంటే కబురొచ్చింది. ఇక చెరపలేకపోయాను. వినలేకపోయాను. నావల్లే పోతున్నానని ఉంటే నేనేం కావాలండి? అందుకే మీకూ చెప్పలేదు."

"ఏముంటే అదుంటుంది. నేనున్నాను, విందాం," అన్నాను. నా వయసుకి ఆ మాట ఎవరితోనైనా అని ఎన్నాళ్ళైందో నాకే గుర్తులేదు.

ఆమె నొక్కింది. ముందు ఫ్యాను హోరు. తరవాత ముసలి గొంతు, నింపాదిగా.

"అమ్మా, నేనే. బాగున్నావా. ఇక్కడ ఏం లేదు, పనిలో ఉన్నాను. ఏడో నంబరు బావి కొత్త సిలిండరు ఇప్పుడే వచ్చింది. నాకు భయమేసింది గానీ, ఆకుపచ్చ బిళ్లే కట్టారు. మీటరు పెట్టి చూశారట, బావి ఇంకా తీపిదేనట. సీసాలో విందు పెడితే తిన్నారు గానీ, మావాళ్ళు కింద ఇంకా ఆకలి మీదే ఉన్నట్టున్నారు. తెరిచి చూసి వచ్చే ఆదివారం..."

"ఎవరితో సార్?" ఇంకో గొంతు. ఇస్త్రీ మడత నలగని గొంతు.

"మా అమ్మాయితోనోయ్."

"లైన్లో ఉందా?"

"లేదులే. మిషను. వినకుండానే చెరిపేస్తుంది, ఆరేళ్ళుగా అంతే. నేను మాట్లాడేది నా కోసం." చిన్న నవ్వు. "నిలబడ్డావేం, కూర్చోవోయ్ సేఫ్టీ. ఆదివారం పూట మనిషి మొహం చూసి ఎన్నాళ్ళైందో. టీ పెడతాను."

ఆ తరవాత కాసేపు ఫ్యాను హోరు ఒక్కటే వినపడింది. నా చేతి గడియారంలో అయిదు సెకండ్లు.

"లేదు సార్. బయట చిన్న పనుంది."

అడుగులు. తలుపు మూసిన చప్పుడు. ఫ్యాను హోరు ఆగిపోయింది.

"ఇదేంటి, ఫ్యాను ఆగింది," అంది ముసలి గొంతు ఎవరితోనో కాదు. "సరే అమ్మా. ఉంటాను మరి."

బీప్ మని ఆగిపోయింది.

వెనక సీట్లో ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్‌లో మెల్లగా రెండు మాటలు చెప్పాడు. రెండు గేట్లూ మూయమన్నాడు. ఏడో నంబరు బావి దగ్గరున్నవాళ్ళందర్నీ వెంటనే దూరం పంపమన్నాడు. తరవాత ఫైలు తెరిచి, ఆత్మహత్య అని రాసిన కాగితం చింపాడు. నేను గెలిచానని ఆ చప్పుడే చెప్పింది. సంతోషం మాత్రం రాలేదు.

"చూశావా తల్లీ," అన్నాను. "నీ మీద కోపంతో పోలేదు. పోవాలనే అనుకోలేదు. వచ్చే ఆదివారం ఫోను చేస్తానన్నాడు."

ఆమె ఏడవలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని, దాన్ని చూస్తూ అడిగింది. "వాడు లైన్లో ఉందా అని ఎందుకడిగాడండి?"

పాతికేళ్ళ ఉద్యోగంలో నాకు ఎదురైన ప్రశ్నల్లో ఇంత కష్టమైనది లేదు. జవాబు నాకు తెలుసు. ఆ అయిదు సెకండ్లలో వాడేం లెక్క వేసుకున్నాడో తెలుసు. లైన్లో ఒక మనిషి వింటూ ఉంటే వాడు ఆ స్విచ్చి మీద చెయ్యి వేసేవాడు కాదు. ఎవరూ వినరని, మాట్లాడిందేదీ మిగలదని ఆ పెద్దాయనే వాడికి చెప్పాడు.

"ఊరికే," అన్నాను. "మర్యాదకి అడుగుతారు కదా, అలా."

నా జీవితంలో పని అప్పగించిన మనిషికి నేను అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. అద్దంలో ఇన్‌స్పెక్టరు కళ్ళు నా కళ్ళను పట్టుకున్నాయి. నా తప్పు పట్టడానికి పన్నెండేళ్ళుగా కాచుకుని కూర్చున్న మనిషి.

"అవునమ్మా," అన్నాడు. "మర్యాదకే."

ఆమె మా ఇద్దరి మొహాలూ ఒకదాని తరవాత ఒకటి, తీరిగ్గా చూసింది. నోళ్ళలోకి చూసి లోపల పుచ్చిందెక్కడో చెప్పగల మనిషి. తరవాత నమ్మినట్టు తల ఊపింది.